బొటనవేలి పక్క నరం

మణికట్టు దగ్గర బొటనవేలి వైపున మొదలై మోచేతి మీదుగా భుజం దాకా పోయే సిర ఒకటుంది. పుస్తకాల్లో దాని పేరు సెఫాలిక్ సిర. వార్డుల్లో ఇంటర్న్‌ల నరం అంటారు, నిన్నగాక మొన్న సూది పట్టినవాళ్ళకి కూడా దొరుకుతుంది కాబట్టి. లావుగా, తిన్నగా ఉంటుంది. కింద ఎముక ఆనుతుంది కనుక పక్కకి జారదు. పైన రబ్బరు పట్టీ కట్టి రెండుసార్లు పిడికిలి బిగించమంటే చాలు, ఉబ్బి పైకొస్తుంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఆ సిరలో నేను వేసిన క్యాన్యులాలకు లెక్కలేదు. ఒక మనిషి చేతికి వేసినవి మాత్రం లెక్కపెట్టాను. పాత కేస్ షీట్లు తీయించి, కూర్చుని, వేలు పెట్టి మరీ లెక్కపెట్టాను. మూడేళ్ళలో ఆయన తొమ్మిదిసార్లు ఆసుపత్రిలో చేరాడు. పద్నాలుగు క్యాన్యులాలు. వాటిలో పదకొండింటి పక్కన నా సంతకం ఉంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. అక్కడ నాకు ఒక పేరుండేది. ఎవరికీ దొరకని నరం నాకు దొరుకుతుందని. వాంతులు విరేచనాలతో కళ్ళు లోతుకుపోయిన పసిపిల్లల్ని తెచ్చినప్పుడు, నాలుగుసార్లు గుచ్చి చేతులెత్తేసిన జూనియర్ అర్ధరాత్రి పిల్లల వార్డు నుంచి పరుగెత్తుకొచ్చి "అక్కా, ఒక్కసారి రావా" అనేది. వెళ్ళేదాన్ని, ఒక్క గుచ్చుకే పడేది. క్యాన్యులా వెనక గదిలో రక్తం కనబడగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి వదిలేవారు. ఆ ఊపిరి చప్పుడు నాకు చాలా ఇష్టంగా ఉండేది. డాక్టర్లు మెచ్చుకున్నప్పటికంటే, జీతం పెరిగినప్పటికంటే ఎక్కువ ఇష్టంగా ఉండేది. ఇక్కడి నుంచే చెప్పాలి, నా తెలివితక్కువతనం ఈ ఇష్టంలోంచే పుట్టింది.

ఆయన ఉద్దానం మనిషి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వైపు కొబ్బరి తోటలూ జీడితోటలూ పరుచుకున్న ఆ నేలని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటలోంచే ఆ పేరొచ్చిందని చెబుతారు. పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం కింద ఊరూరా కిడ్నీలు చెడిపోతున్న మనుషులు ఉన్నారు. షుగరు లేదు, చిన్నప్పటి నుంచీ బీపీ లేదు, తోటపని చేసుకునే కష్టజీవులు, అయినా కిడ్నీలు మెల్లగా ఎండిపోతాయి. నీళ్ళు, మందులు, ఎండ, వంశం అంటూ ఎన్నో వెతికారు. ఫలానాదే కారణమని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. అక్కడి నుంచి వచ్చిన రోగి అనగానే ముందు క్రియాటినిన్ చూడాలని మా ఆసుపత్రిలో స్వీపరుకి కూడా తెలుసు.

మొదటిసారి జ్వరం, వాంతులతో వచ్చాడు. నలభై ఎనిమిదేళ్ళు. కొబ్బరిచెట్లెక్కిన చేతులు. ఆ ముంజేతి మీద సిరలు తాళ్ళలా ఉన్నాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.4. ఆ అంకె నేనే షీటులో ఎక్కించాను. కిడ్నీ సగానికి పైగా పాడైందని అర్థమయింది. యాంటీబయాటిక్ మోతాదు తగ్గించాలని డాక్టరుకి గుర్తు చేసిందీ నేనే. నొప్పి ఇంజెక్షన్ ఇవ్వబోతే ఆపిందీ నేనే. ఇన్ని తెలిసినదాన్ని, ఆ అంకెకీ నా చేతిలో ఉన్న సూదికీ సంబంధం ఉందని ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఎడమచెయ్యి చాపమన్నాను, బొటనవేలి పక్కన గులాబీ రంగు 20 గేజి క్యాన్యులా వేశాను.

"వోలమ్మ, సీమ కుట్టినట్టు కూడా నేదు. నీది సల్లని సెయ్యి సిస్టరమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా నా డ్యూటీ ఎప్పుడో కనుక్కునేవాడు. ఇంకెవరైనా సూది తెస్తే "ఉండండమ్మా, మా సిస్టరమ్మ వస్తాది" అనేవాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి ముంజెయ్యి నా ముందు పెట్టేవాడు. నా మీద నమ్మకంతో పెట్టేవాడు. నేను ఆ నమ్మకాన్ని నా నైపుణ్యానికి ఇచ్చిన బిరుదుగా తీసుకున్నాను.

ఆ రోజుల్లో నేను చేసిన పనులన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే కళ్ళముందుకొస్తాయి. గ్లౌజు చూపుడువేలి కొన చింపుకునేదాన్ని, సిర వేలికి బాగా తగలాలని. స్పిరిట్‌తో తుడిచిన చోటే, అది ఆరకముందే, ఆ ఉత్త వేలితో మళ్ళీ తడిమి గుచ్చేదాన్ని. అలాంటప్పుడు తుడవడం ఎందుకు? క్లోర్‌హెక్సిడిన్ కలిసిన స్పిరిట్‌తో ముప్పై సెకన్లు రుద్ది, దానంతట అది ఆరేదాకా ఆగి, ఆ తర్వాత ఆ చోటు ముట్టకూడదు. పరీక్షలో ఈ ప్రశ్నకి నాకు పూర్తి మార్కులొచ్చాయి. వార్డులో ఆ ముప్పై సెకన్లు ఆగడం నాకు చేతకానితనంలా అనిపించేది.

ఇంకొకటి ఉంది, తలుచుకుంటే ఈరోజుకీ ఒళ్ళు జలదరిస్తుంది. మన వాడుకలో సిరనీ నరమే అంటాం. నరం దొరకలేదు, నరం పొంగింది అంటాం. కానీ ఆ బొటనవేలి పక్క సిరతో కలిసి నిజంగానే ఒక నరం, స్పర్శ తెలిపే నరం, చర్మం కిందే వెళ్తుంది. అందుకే మణికట్టు పక్కన నాలుగైదు అంగుళాల మేర సూది వెయ్యకపోవడమే మంచిదని ప్రమాణాలు చెబుతాయి. నాలుగోసారి చేరినప్పుడు, నేను గుచ్చగానే ఆయన చెయ్యి అదిరింది. "బొటనేలు సివరి దాకా కరెంటు కొట్టినట్టుందమ్మా" అన్నాడు. అలా అన్న మరుక్షణం సూది బయటికి తీసెయ్యాలి. నేను "అలాగే ఉంటుంది బాబాయ్, కదపకు" అని ఇంకాస్త ముందుకు తోశాను. రక్తం కనబడింది కదా, వదులుకోబుద్ధి కాలేదు. ఆయన బొటనవేలి వెనక చర్మం నెల దాటాక కూడా మొద్దుబారే ఉందని తర్వాత చెప్పాడు. ఫిర్యాదులా చెప్పలేదు, ఊరి కబురు చెప్పినట్టు చెప్పాడు.

క్యాన్యులా వేశాక రోజుకు మూడుసార్లు ఆ చోటు చూసి మార్కు వెయ్యాలి. ఇంగ్లండ్ నర్సు ఆండ్రూ జాక్సన్ 1998లో ప్రచురించిన కొలమానం మా చార్టులో ఉండేది. నొప్పి, ఎరుపు, వాపు ఏమీ లేకపోతే సున్నా. కొద్దిగా నొప్పో ఎరుపో ఉంటే ఒకటి. వాటిలో రెండు కనిపిస్తే రెండు, అప్పుడు ఆ క్యాన్యులా తీసెయ్యాలి. సిర తాడులా చేతికి తగిలితే నాలుగు. దానికి జ్వరం తోడైతే అయిదు. నేను పైనుంచి కిందిదాకా సున్నాలు పెట్టుకుంటూ పోయేదాన్ని. క్యాన్యులా మీద తెల్ల ప్లాస్టర్ అడ్డంగా నిలువుగా నాలుగు పొరలు వేసి ఉండేది, లోపల ఏముందో దేవుడికే తెలియాలి. ఆయనకి రెండుసార్లు ఆ సున్నాల కింద సిర తాడులా గట్టిపడింది. రెండుసార్లూ హెపారిన్ ఆయింట్‌మెంట్ రాయమని చెప్పి, రెండో చేతికి మరొకటి వేశాను. రెండో చెయ్యి ఉంది కదా అనుకున్నాను.

అన్నిటికంటే బాధపెట్టేది, వాటిలో సగం అక్కర్లేనివి కావడం. మన ఊళ్ళల్లో నీరసమంటే సెలైన్. సెలైన్ ఎక్కిస్తే బలమొస్తుందని ఆయన నమ్మకం, మా వాళ్ళ నమ్మకం కూడా. అరలీటరు డీఎన్ఎస్ బాటిల్లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. ఆ గ్లూకోజు వంద కేలరీలు కూడా దాటదు, రెండు ఇడ్లీలకి సరి. ఆ ఉప్పు మాత్రం కిడ్నీ చెడిన మనిషికి నిజమైన భారం. ఆయన మంచం మీద కూర్చుని టీ తాగుతుండగా నేను సెలైన్ వేలాడదీసిన రోజులున్నాయి. నోటితో తాగగల మనిషికి చేతిలో గొట్టం ఎందుకని అడగాల్సింది నేనే. డాక్టరు రాశాడు కదా అనుకున్నాను. వాంతులు తగ్గి, మందులన్నీ మాత్రల్లోకి మారాక కూడా, ఎందుకైనా మంచిదని ఆ క్యాన్యులాని ఇంకో రెండు రోజులు అలాగే ఉంచేదాన్ని. తీసేసి మళ్ళీ అవసరమైతే ఎవరు గుచ్చుతారు అని పైకి అనేదాన్ని. నేనే గుచ్చగలనని లోపల తెలుసు. సోమరితనమే, ఇంకో పేరు పెట్టలేను.

ఇదంతా ఎవరూ చెప్పక జరిగింది కాదు. ఒకసారి మాకు ఒకరోజు శిక్షణ పెట్టారు. సెలైన్లు, క్యాన్యులాలు, ఇన్ఫెక్షన్లు, అదే అంశం. ఉదయం సంతకం పెట్టాను, టీ తాగాను, మొదటి పావుగంట విని వార్డుకి వచ్చేశాను. సూది గురించి నాకొకరు నేర్పేదేమిటి అనుకున్నాను. మధ్యాహ్నం డయాలసిస్ యూనిట్ నుంచి ఒక సీనియర్ సిస్టర్ వచ్చి మాట్లాడిందట. కిడ్నీ పనితనం 60 కంటే తగ్గిన వాళ్ళకి ముంజేతి సిరలు ముట్టుకోకండి, అరచేతి వెనక వైపే వెయ్యండి, ఆ ముంజేతి సిర మీద రేపు వాళ్ళ ప్రాణం ఆధారపడుతుంది, అని చెప్పిందట. ఆ హాజరు పట్టీలో నా సంతకం ఉంది.

ఇక్కడ ఫిస్టులా గురించి చెప్పాలి. డయాలసిస్ మెషీన్‌కి నిమిషానికి రెండువందల యాభై, మూడువందల మిల్లీలీటర్ల రక్తం కావాలి. నాలుగు గంటల పాటు, వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి. మామూలు సిర అంత రక్తం ఇవ్వలేదు. 1960లో సియాటెల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు ధమనిలో ఒక గొట్టం, సిరలో ఒక గొట్టం పెట్టి చేతికి బయట వాటిని కలిపాడు. దాంతో కిడ్నీ పూర్తిగా పోయిన మనిషి కూడా డయాలసిస్ మీద బతకడం సాధ్యమైంది. అయితే ఆ గొట్టాలు మూసుకుపోయేవి, చీము పట్టేవి. 1966లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో బ్రెషియా, చిమినో, వాళ్ళ సహచరులు గొట్టం అక్కర్లేని దారి చూపించారు. మణికట్టు దగ్గర ధమనిని పక్కనున్న సిరకి కలిపి కుట్టెయ్యడం. అదే ఫిస్టులా. ధమని వేగం సిరలోకి వస్తుంది, సిర వెడల్పవుతుంది, గోడ మందమవుతుంది, ఏళ్ళ తరబడి లావు సూదులు తట్టుకుంటుంది. చిమినో చదువుకునే రోజుల్లో రక్తదానం దగ్గర సూది గుచ్చి రక్తం తీసే పని చేసేవాడట. ఆ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసేశాను. ఆయనా నాలాగే సిరలు తడిమిన మనిషి. అదే పని నుంచి ఆయనకి తట్టింది ఏమిటి, నాకు తట్టింది ఏమిటి!

వాళ్ళు ఎంచుకున్న సిర ఏదో వేరే చెప్పక్కర్లేదు. బొటనవేలి పక్కన, ముంజేతి మీదుగా తిన్నగా పోయేదే. సులువుగా దొరుకుతుందని నేను గుచ్చిన కారణాలే, లావుగా ఉండడం, తిన్నగా ఉండడం, పైపైనే ఉండడం, దాన్ని ఫిస్టులాకి పనికొచ్చేలా చేసిన కారణాలు కూడా. ఆరు వారాలకి ఆ సిర ఆరు మిల్లీమీటర్ల వెడల్పుకి రావాలి, చర్మం కింద ఆరు మిల్లీమీటర్ల లోతు దాటకూడదు, నిమిషానికి ఆరువందల మిల్లీలీటర్ల రక్తం పారాలి. దాన్ని మెచ్యూర్ అవ్వడం అంటారు. సిర లోపలి పొర అద్దంలా నున్నగా ఉంటేనే అది సాధ్యం. క్యాన్యులా ఆ పొరని గీరుతుంది. ఘాటైన మందు దాన్ని కాలుస్తుంది. గీరిన చోట రక్తం గడ్డకడుతుంది, తర్వాత మచ్చ పడుతుంది, దారి ఇరుకవుతుంది. పైకి చిన్న చుక్క మాత్రం కనిపిస్తుంది, వారానికి అదీ మాయమవుతుంది.

మూడో ఏడు చివర్లో ఆయన మెడలో గొట్టంతో వచ్చాడు. క్రియాటినిన్ పదకొండు దాటి, విశాఖపట్నం తీసుకెళ్ళి, మెడ దగ్గర పెద్ద సిరలో గొట్టం వేయించి డయాలసిస్ మొదలుపెట్టారు. ఫిస్టులా కోసం రెండు చేతులకీ డాప్లర్ తీశారు. ఆ కాగితం మడతపెట్టి, వాళ్ళావిడ కొంగున కట్టుకుని తెచ్చింది. నాకిచ్చి చదవమంది. ఎడమ ముంజేతిలో సెఫాలిక్ సిర మూసుకుపోయింది. కుడి ముంజేతిలో గోడలు గట్టిపడి, దారి రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. పై చేతిలో సెఫాలిక్ సిర స్వతహాగానే సన్నం. లోపలి వైపు లోతుగా ఉండే సిరని ధమనికి కలిపి, తర్వాత మరో ఆపరేషన్‌తో చర్మం దగ్గరికి తేవాలి.

"ఏటి రాసారు సిస్టరమ్మా?" అంది.

ఆయనే జవాబు చెప్పాడు. "ఆ డాక్టరు బాబు సెప్పినాడు కదే. ఈ సేతులకి నరాలేటీ మిగల్నేదంట."

ఆ రోజు ఆయనకి చలిజ్వరం. మెడలో గొట్టం ఉన్నవాళ్ళకి రక్తంలోకి క్రిములు చేరే భయం ఎప్పుడూ ఉంటుంది. ఇంజెక్షన్లు రాశారు. నేను ట్రే తీసుకుని మంచం దగ్గరికి వెళ్ళాను. ఆయన వణుకుతూనే చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎప్పటిలాగే ముంజెయ్యి నా ముందు చాపాడు.

ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. వేలితో తడిమితే ఎండిన పీచులా తగిలింది. ఎన్నోసార్లు నన్ను మెప్పించిన సిర అది.

పల్లెలో ఆర్ఎంపీ కూడా గుచ్చే ఉంటాడు. నా డ్యూటీ లేని రోజుల్లో వేరేవాళ్ళూ గుచ్చారు. మోచేతి మడతలో రక్తపరీక్షల వాళ్ళు గుచ్చారు. ఆ లెక్కలన్నీ వేసి చూశాను, ఏదీ నాకు ఊరటనివ్వలేదు. క్రియాటినిన్ అంకె చూసి, నేర్చుకునే అవకాశం ఉండి, నేర్చుకోకుండా వచ్చేసిన మనిషిని వాళ్ళలో నేనొక్కదాన్నే.

మూడో రోజు జ్వరం తగ్గాక ఆయనతో చెప్పాను. మీకు ముంజేతికి సూది వెయ్యకుండా ఉండాల్సింది బాబాయ్, అరచేతి వెనక వెయ్యాల్సింది, ఆ సిరలు ఈ డయాలసిస్ కోసం దాచాల్సింది, నేనే పాడుచేశాను, అన్నాను. ఆయన చేతులు తిప్పి చూసుకున్నాడు. కోపం రాలేదు. చాలాసేపటికి అడిగాడు.

"మరి అప్పుడేల సెప్పినేదమ్మా?"

తెలియదు అనబోయాను. నోటిదాకా వచ్చింది. హాజరు పట్టీలో సంతకం గుర్తొచ్చింది.

"చెప్పారు బాబాయ్. నేను వినలేదు."

ఆయన మళ్ళీ ఏమీ అనలేదు. వాళ్ళావిడ మాత్రం ఆ తర్వాత చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం న్యాయమే.

రెండు ఆపరేషన్లూ అయ్యాయి. మధ్యలో మరోసారి చలిజ్వరం, మరో పదిరోజులు ఆసుపత్రి. పై చేతి లోపలి వైపు చంక దగ్గర్నుంచి మోచేతి దాకా పొడుగాటి కుట్ల మచ్చ. కొన్ని నెలలకి ఆయనే పిలిచి, ఇక్కడ సెయ్యెట్టు అన్నాడు. వేళ్ళు ఆనిస్తే లోపల జుమ్మని పారుతోంది. మణికట్టు దగ్గరే చిన్న కోతతో, ఒకే ఆపరేషన్‌తో ఆ జుమ్ము రావాల్సింది.

ఆ డయాలసిస్ సిస్టర్ని వెతుక్కుంటూ వెళ్ళి ఆరోజు నేను వినని పాఠం చెప్పించుకున్నాను. ఇప్పుడు మా వార్డులో క్రియాటినిన్ పెరిగిన ప్రతి రోగి మంచానికీ అట్టముక్క కడతాం. ముంజేతికి సూదులొద్దు, రక్తం కూడా అరచేతి వెనక నుంచే, అని తెలుగులో రాసి ఉంటుంది. రోగికీ, తోడు వచ్చినవాళ్ళకీ చదివి వినిపిస్తాను. నేను లేనప్పుడు ఎవరైనా ముంజెయ్యి అడిగితే వాళ్ళే వద్దనాలి. కుదిరినంత సన్నది వేస్తాం, నీలం రంగుదో పసుపు రంగుదో. ప్లాస్టర్ బదులు లోపల కనబడే డ్రెస్సింగు, దాని మీద తేదీ, గంట. రోజూ పొద్దున్న రౌండ్లో డాక్టర్ని అడుగుతాను, ఇది ఇవాళ కావాలా అని. మొదట్లో ఆయన విసుక్కున్నాడు. ఇప్పుడు నేను అడక్కముందే తీసెయ్యండి అంటున్నాడు.

అరచేతి వెనక సిరలు నాకు ఇప్పటికీ కష్టం. సన్నగా ఉంటాయి, వేలి కింద జారిపోతాయి, చర్మం లాగి పట్టుకోవాలి. పోయిన నెల ముప్పై రెండేళ్ళ కుర్రాడొకడు వచ్చాడు, అటువైపు వాడే. జీడిపిక్కల బట్టీలో పని. క్రియాటినిన్ 1.9. వాంతులు ఆగట్లేదు, అతనికి సెలైన్ నిజంగానే కావాలి. నేను ట్రే తీసుకెళ్ళగానే ముంజెయ్యి చాపాడు. బొటనవేలి పక్కన, ఆరోగ్యంగా, లావుగా, కట్టు కట్టకుండానే కనిపిస్తోంది. నేను చెయ్యి బోర్లా తిప్పాను. మొదటిసారి గుచ్చాను, సిర జారింది. రెండోసారి ఇంకాస్త కింద, వేళ్ళ దగ్గర చూశాను, రక్తం కనిపించి ఆగిపోయింది, చర్మం ఉబ్బింది. తీసి దూది పెట్టి నొక్కాను. ఆ కుర్రాడు తన ముంజేతికేసి చూశాడు, నాకేసి చూశాడు. అంత లావు నరం పెట్టుకుని ఈవిడకి దొరకట్లేదేమిటని వాళ్ళమ్మ అక్కడే అడిగింది.

ఆ నరం మీవాడికి తర్వాత కావాల్సి రావచ్చమ్మా, దాన్ని ముట్టుకోను అన్నాను. ఒకరు రెండుసార్లకి మించి ప్రయత్నించకూడదు. వరండాలోకి వెళ్ళి ఉద్యోగంలో చేరి ఆరునెలలు కాని అమ్మాయిని పిలిచాను. ఆ అమ్మాయి కంగారుపడింది, "మీకే దొరకలేదా అక్కా" అంది. వచ్చి, గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డ అతని చేతికి చుట్టి, మూడు నిమిషాలు ఆగింది. స్పిరిట్ రుద్ది, ఆరేదాకా ఆగింది. చిటికెనవేలి వైపు ఎక్కడో నాకు కనిపించని చోట పసుపు రంగు క్యాన్యులాని నెమ్మదిగా ఎక్కించింది.

నేను డ్రెస్సింగు కాగితం ఒలిచి అందించాను.